రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగి రావడానికి పద్నాలుగు నెలలు: నా అనుభవం

2024 ఆగస్టు 12న నాన్న నాకు రాసిన గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజు రిజిస్టర్ చేయించుకోవడానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాం. నాది వీల్‌చైర్. ఆఫీసు అద్దె భవనంలో, మొదటి అంతస్తులో ఉంది. ఇరవై రెండు మెట్లు. "ఏం ఫర్వాలేదు సార్, కుర్రాళ్లున్నారు, కుర్చీతో సహా ఎత్తేస్తారు" అన్నాడు డాక్యుమెంట్ రైటర్. ఎత్తారు. మూడో మెట్టు మీద కుడివైపు ఆర్మ్‌రెస్ట్ ఊడి కుర్రాడి చేతిలోకి వచ్చేసింది. చాలా కుర్చీలకి ఆర్మ్‌రెస్టులూ ఫుట్‌రెస్టులూ తీసి పెట్టుకునేవే ఉంటాయి. పట్టుకుని ఎత్తాల్సింది కింది ఫ్రేమునే తప్ప వాటిని కాదు. ఆ మాట చెప్పేలోపే సగం ఒరిగాను. దించేయమన్నాను.

ఆ రోజు నుంచి 2025 అక్టోబర్ దాకా ఏం జరిగిందో తేదీలతో సహా రాస్తున్నాను. ఆ మెట్ల మీద నేను ఫిర్యాదు వేశాను. ఇలాంటి ఫిర్యాదు వేయాలనుకునేవాళ్లు ఎక్కడ ఆగిపోతారో నాకు ఇప్పుడు తెలుసు.

ముందు మా పని సంగతి. కిందనే ఉండి సంతకం చేస్తానంటే కుదరదు. ఫొటో, వేలిముద్ర తీసే మెషీన్ పైన కౌంటర్‌కి బిగించి ఉంది. ఆఫీసులో చెప్పిన దారి 'ప్రైవేట్ అటెండెన్స్'. అంటే అధికారి ఇంటికి వచ్చి రిజిస్టర్ చేయడం. దానికి అర్జీ పెట్టాలి, ఫీజూ రానుపోను ఖర్చూ మనమే కట్టాలి. దీన్ని ఆఫీసులో ఏదో ఉపకారంలా చెప్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 38వ సెక్షన్ చూడండి. శరీర దౌర్బల్యం వల్ల ఆఫీసుకి రావడం ప్రమాదం లేదా తీవ్ర ఇబ్బంది అయితే ఆ మనిషికి రావడం నుంచి మినహాయింపు ఉంది. అధికారే వెళ్లాలి, లేదా కమిషన్‌ని పంపాలి. అర్జీలో 38వ సెక్షన్ అని స్పష్టంగా రాశాం, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) జత చేశాం. ఆగస్టు 22న ఇంటికి వచ్చి చేశారు. దస్తావేజు రాసిన నాలుగు నెలల్లోపు దాఖలు చేయాలన్న గడువు ఒకటుంటుంది కాబట్టి, గొడవ తేలేదాకా పని ఆపుకుని కూర్చోకండి. అయితే ఇంట్లో చేయించుకోవడమే తర్వాత నా మెడకి చుట్టుకుంది. ఆ సంగతి ముందుకి వస్తుంది.

ఇంటికి రప్పించుకోగలిగినప్పుడు ఫిర్యాదు ఎందుకని చాలామంది అడిగారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) నకలు కావాలన్నా, మరొకరి దస్తావేజుకి సాక్షిగా వెళ్లాలన్నా అవే మెట్లు. ప్రతిసారీ ఎవరినీ ఇంటికి పిలిపించుకోలేం కదా.

మొదట సమాచార హక్కు దరఖాస్తు వేశాను, ఆగస్టు 20న, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి. ఫీజు 10 రూపాయలు. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండలస్థాయికి 5, ఆపైన 10. 'ఎందుకు ర్యాంపు కట్టలేదు' అని అడిగితే 'ఇది సమాచారం కిందికి రాదు' అని తిప్పి పంపుతారు. కాగితాల నకళ్లే అడగాలి. నేను అడిగినవి నాలుగు: అద్దె ఒప్పందం నకలు, అది చివరిగా రెన్యువల్ అయిన ఉత్తర్వు, భవనానికి యాక్సెసిబిలిటీ ఆడిట్ (వైకల్యం ఉన్నవాళ్లు వాడగలరా అన్న తనిఖీ) జరిగి ఉంటే ఆ నివేదిక, గత మూడేళ్ల ప్రైవేట్ అటెండెన్స్ లెక్క. 30 రోజుల్లో రావాల్సిన జవాబు 38వ రోజున, సెప్టెంబర్ 27న వచ్చింది. పేజీకి 2 రూపాయల చొప్పున 14 పేజీలకి 28 కట్టాను. ఆడిట్ నివేదిక 'అందుబాటులో లేదు'. ప్రైవేట్ అటెండెన్స్ లెక్క 'విడిగా క్రోడీకరించలేదు'.

కానీ అద్దె ఒప్పందం ఇచ్చారు. కేసంతా ఆ కాగితం మీదే నిలబడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 45వ సెక్షన్ ఏమంటుందంటే, ఉన్న పబ్లిక్ భవనాలన్నిటినీ కేంద్ర రూల్స్ నోటిఫై అయిన ఐదేళ్లలోపు అందరూ వాడగలిగేలా మార్చాలి. రూల్స్ వచ్చింది 2017 జూన్ 15న. అంటే 2022 జూన్ మధ్యకి గడువు అయిపోయింది. మా ఆఫీసు అద్దె ఒప్పందం రెన్యువల్ అయింది 2023 ఏప్రిల్‌లో. గడువు దాటిన పది నెలలకి, అవే మెట్ల మీద, మళ్లీ మూడేళ్లకి సంతకం పెట్టారు. 'పాత భవనం, మేమేం చేయగలం' అనే వాదన ఆ తేదీ దగ్గరే ఆగిపోతుంది.

ఫిర్యాదు ఎవరికి వేయాలన్నది తర్వాతి చిక్కు. ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో గ్రీవెన్స్ రిడ్రసల్ ఆఫీసర్ ఉంటారు, రెండు వారాల్లో విచారణ చేస్తారు అని చాలామంది చెప్తారు. అది ఇదే చట్టంలో 23వ సెక్షన్. అక్కడ ఉద్యోగంలో వివక్ష గురించిన ఫిర్యాదులే తీసుకుంటారు. మెట్ల గురించి వేస్తే తిరిగి వస్తుంది. భవనం సంగతి, సేవల సంగతి అయితే 80వ సెక్షన్ కింద దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కే వెళ్లాలి. దానికి ఫీజు కట్టలేదు, లాయర్‌ని పెట్టుకోలేదు. తెలుగులోనే రాశాను. (నోటీసులు మాత్రం ఇంగ్లీషులో వచ్చాయి.)

ఫిర్యాదు రెండున్నర పేజీలు దాటనివ్వలేదు. ఎవరు, ఎవరి మీద, ఏ తేదీన ఏం జరిగింది, ఏ సెక్షన్, ఏం కావాలి. ఇంతే. జతచేసినవి: యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) నకలు, అద్దె ఒప్పందం, మెట్ల దగ్గర టేపు పట్టి తీసిన ఆరు ఫొటోలు. ఫొటోలో టేపు అంకెలు కనిపించాలి. మెట్ల ఫొటో ఒక్కటే పెడితే అది జాలిగా కనిపిస్తుంది తప్ప సాక్ష్యం కాదు. ప్రైవేటు భవనమన్న సాకు వస్తుందని ముందే ఊహించి 2వ సెక్షన్‌లోని 'పబ్లిక్ బిల్డింగ్' నిర్వచనం కూడా ఎత్తి రాశాను. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, జనం వాడేదైతే అది పబ్లిక్ భవనమే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదటి చిత్తులో రాష్ట్ర రూల్స్‌ని ఉల్లంఘించారని రాశాను. తెలిసినాయన చదివి కొట్టేయించారు. ర్యాంపు వాలు ఎంత, తలుపు వెడల్పు ఎంత అన్న ప్రమాణాలు 40వ సెక్షన్ ప్రకారం కేంద్రం రాయాల్సినవి. 101వ సెక్షన్ కింద రాష్ట్రం రాసుకునే రూల్స్‌లో ఉండేవి వేరే: సలహా బోర్డు, కమిషనర్ జీతభత్యాలు, సర్టిఫికెట్లూ నిధీ వగైరా. రాష్ట్ర చట్టం మార్చాలి అని మనం వేదికలెక్కి అడిగేవాటిలో సగం అసలు రాష్ట్రం చేతిలో లేవు. చేతిలో ఉన్నవి అడగం. ఏ శాఖా మెట్ల భవనాన్ని అద్దెకి తీసుకోకూడదని ఒక్క జీవో ఇస్తే చాలు, అందుకు అసెంబ్లీ కూడా అక్కర్లేదు.

అక్టోబర్ 3న రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వారంలో వచ్చింది. కేసు నంబర్‌తో ఉత్తరం అక్టోబర్ 28న. ఈలోపు మూడుసార్లు ఫోన్ చేశాను. తపాలా సెక్షన్‌లో ఇన్‌వర్డ్ నంబర్ అడిగి రాసుకోండి. అది లేకుండా ఫోన్ చేస్తే ఎవరికీ ఏమీ దొరకదు. ప్రతివాదికి జవాబు ఇవ్వడానికి 30 రోజులిచ్చారు.

ఆ 30 రోజుల మధ్యలోనే, నవంబర్ 8న, రాజీవ్ రాటూరీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆయన కంటిచూపు లేని వ్యక్తి, 2005లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) అది. తీర్పుకి ఆధారమైన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసింది. కోర్టు తేల్చిందేమిటంటే, 2017 రూల్స్‌లో 15వ రూలు చట్టానికే విరుద్ధం. చట్టం 'చేసి తీరాలి' అంటుంటే, రూలు మాత్రం సలహాగా రాసిన మార్గదర్శకాలని చూపించి ఊరుకుంటోంది. తప్పనిసరి కనీస ప్రమాణాలని విడిగా గుర్తించి మూడు నెలల్లో కొత్త రూల్స్ తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది.

పేపర్లో చదివి పండగ చేసుకున్నాను. డిసెంబర్ 6న ప్రతివాది జవాబు నకలు వచ్చింది. అందులో నాలుగు మాటలున్నాయి. భవనం ప్రైవేటుది. లిఫ్ట్ సౌకర్యం కలదు. మార్గదర్శకాలు సలహా మాత్రమే. ఫిర్యాదుదారు పని ఆగస్టు 22న ఇంటివద్దనే పూర్తయినది, కావున ఫిర్యాదు మిగలదు.

ఆ నాలుగోదే నా మెడకి చుట్టుకున్నది. నా పని అయిపోయింది నిజమే. ఫిర్యాదులో నేను కోరింది 'నా దస్తావేజు రిజిస్టర్ చేయించండి' అని మాత్రమే అయి ఉంటే అక్కడికక్కడే ఫైలు మూసేసేవాళ్లు. కోరికల్లో మొదటిది భవనం మార్చాలని, రెండోది కొత్త ఒప్పందాల గురించి, మూడోదిగా మాత్రమే నా సంగతి రాశాను కాబట్టి నిలిచింది. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

డిసెంబర్ 20న తిరుగు సమాధానం పంపాను. 'సలహా మాత్రమే' అన్నదానికి నవంబర్ 8 తీర్పు జతచేశాను. లిఫ్ట్ గురించి కొలతలు తీయించమని అడిగాను.

మొదటి విచారణ 2025 జనవరి 22. మా ఊరి నుంచి నాలుగు గంటల ప్రయాణం. కుర్చీతో బస్సెక్కలేను కాబట్టి కారు, రానుపోను 3,400. ప్రతివాది తరఫున ఒక జూనియర్ అసిస్టెంట్ వచ్చాడు, చేతిలో ఆథరైజేషన్ లెటర్ లేదు. పదిహేను నిమిషాల్లో వాయిదా. తిరుగు ప్రయాణంలో ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. అంత దూరం వెళ్లి, నాలుగు గంటలు మూత్రం ఆపుకుని, ఒక తేదీ రాసుకుని వచ్చాను. దారిలో కుర్చీ పట్టే టాయిలెట్ ఎక్కడా ఉండదు కాబట్టి ప్రయాణం రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగను. మాలో చాలామంది చేసేది ఇదే.

ఫిబ్రవరి 19న రెండో విచారణ. ఈసారి వచ్చిన అధికారి చదువుకునే వచ్చారు. సుప్రీంకోర్టు 15వ రూలునే కొట్టేసింది, కొత్త రూల్స్ ఇంకా రాలేదు, కాబట్టి ప్రస్తుతానికి పాటించాల్సిన ప్రమాణమే లేదు అన్నారు. డిసెంబర్‌లో రూలు సలహా మాత్రమే అన్నవాళ్లు ఫిబ్రవరిలో అసలు రూలే లేదన్నారు! నిజం చెప్పాలంటే నాకు కాసేపు నోట మాట రాలేదు. తీర్పు ఇచ్చిన మూడు నెలల గడువు అప్పటికే దాటింది, నిజంగానే కొత్త రూల్స్ చేతికి రాలేదు. కాస్త తేరుకున్నాక రెండు మాటలు చెప్పాను. రూలు పోయినా 45వ సెక్షన్ పోలేదు, ఐదేళ్ల గడువు సెక్షన్‌లోనే ఉంది. రెండోది, మూడో సెక్షన్‌లో 'రీజనబుల్ అకామడేషన్' ఉంది, అంటే మోయలేని భారం కానంత వరకు అవసరమైన సర్దుబాటు చేయాలి. కింద అంతస్తులో ఒక గది ఖాళీ చేయడం ఏ లెక్కన మోయలేని భారం? కమిషనర్ రాసుకున్నారు. 82వ సెక్షన్ కింద ఆయనకి సివిల్ కోర్టు అధికారాలు కొన్ని ఉంటాయి. ఉమ్మడి తనిఖీకి ఆదేశించారు: ఒక ఇంజనీరు, జిల్లా సంక్షేమ శాఖ నుంచి ఒకరు, ప్రతివాది, నేను.

మార్చి 11, పొద్దున పదకొండు. లిఫ్ట్ దగ్గర నిలబడ్డాం. 'కలదు' అన్న లిఫ్ట్‌కి చేరడానికి ముందు నాలుగు మెట్లున్నాయి. అది చూసి ఇంజనీరు ఏమీ అనలేదు, బూటుతో మెట్టుని ఒకసారి తట్టాడంతే. టేపు నేనే తీసుకెళ్లాను. 180 రూపాయలు పెట్టి కొన్న అయిదు మీటర్ల స్టీలు టేపు. లిఫ్ట్ తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంటే మధ్య ఖాళీ 24 అంగుళాలు. నా కుర్చీ, చేత్తో తిప్పే రిమ్ముల బయటి అంచు నుంచి అంచుకి, 26. "కొంచెం చిన్న సైజు కుర్చీ వాడొచ్చు కదండీ" అన్నారు ప్రతివాది పక్షం వారు, నిజంగానే సాయం చేస్తున్నట్టు. ఇంజనీరు తలెత్తకుండా "తలుపు 900 మిల్లీమీటర్లు ఉండాలండీ, ఇది 610" అని రాసుకున్నాడు. ఆ రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇన్ని నెలలు నా ఇబ్బందిగా ఉన్నది ఒక అంకె అయింది.

ఏప్రిల్ 9 విచారణకి ఆన్‌లైన్‌లో హాజరు కావడానికి ముందే అర్జీ పెట్టాను, ఒప్పుకున్నారు. మొదటిసారే ఎందుకు అడగలేదా అనిపించింది. ఉత్తర్వు మే 2న చేతికొచ్చింది. నాలుగు అంశాలు: కింద అంతస్తులో రికార్డులు పడేసిన గది ఖాళీ చేసి ఫొటో, వేలిముద్ర కౌంటర్ అక్కడ పెట్టాలి. 1:12 వాలుతో (అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు) ర్యాంపు కట్టాలి. కుర్చీ పట్టే టాయిలెట్ ఏర్పాటు చేయాలి. ఇకపై అద్దె ఒప్పందాలు వాడగలిగే భవనాలకే చేయాలి.

ఉత్తర్వు అని మనం అంటాం గానీ చట్టం దాన్ని 'సిఫార్సు' అంటుంది. 81వ సెక్షన్. శాఖ మూడు నెలల్లో చర్య తీసుకుని చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణాలు కమిషనర్‌కీ మనకీ రాయాలి. కారణాలు రాసేస్తే ఏమవుతుందో ఆ సెక్షన్‌లో లేదు. హైకోర్టుకి వెళ్లాలి. 89వ సెక్షన్‌లో జరిమానా ఉంది, మొదటిసారి 10 వేల దాకా, తర్వాత 50 వేల నుంచి 5 లక్షలు. కానీ జరిమానా వేసే అధికారం కమిషనర్‌కి రాసి లేదు. చట్టం మార్చాలంటే నేను ముందు మార్చమనేది ఆ ఒక్క మాటని. మిగతావన్నీ తర్వాత.

మా శాఖ కారణాలు రాయలేదు, పని మొదలుపెట్టింది. జూలైలో గది ఖాళీ అయింది. జూలై 30న 'ర్యాంపు నిర్మించబడినది' అని నివేదిక, ఫొటోతో. వెళ్లి చూశాను. అరుగు ఎత్తు 450 మిల్లీమీటర్లు, అంటే మూడు మెట్లు. 1:12 అంటే ర్యాంపు పొడవు 5,400, సుమారు 18 అడుగులు ఉండాలి. కట్టింది 8 అడుగులు. వాలు 1:5 చిల్లర. ఒంటరిగా ఎక్కితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. పైగా నున్నటి గ్లేజ్డ్ టైల్స్ వేశారు, వానకి జారుడుబల్లే. "స్థలం లేదు సార్, గుమ్మం నుంచి కాంపౌండ్ గోడకి 11 అడుగులే" అన్నాడు మేస్త్రీ. గుమ్మానికి ఎదురుగానే కట్టాలని ఎక్కడా లేదు. గోడ పక్కగా, భవనం పొడవునా వేస్తే 18 అడుగులూ వస్తాయి. ఆ జాగాలో అప్పటికి సిబ్బంది బైకులున్నాయి. అంతే అడ్డు.

టేపు ఫొటోలతో ఆగస్టు 8న కమిషనర్‌కి మళ్లీ రాశాను. గీత గీసి, కొలతలు వేసి మేస్త్రీకి కూడా ఒక కాగితం ఇచ్చాను. నిజానికి పని చేయించింది ఆ కాగితమే అని నా అనుమానం. పాతది పగలగొట్టి గోడ పక్కగా కట్టారు, గరుకు సిమెంటు, రెండు వైపులా రెయిలింగ్, పైన కుర్చీ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల సమతలం. అక్టోబర్ 14న ఈసీ నకలు కోసం ఒక్కడినే వెళ్లాను. ఎక్కాను. కౌంటర్ దగ్గర అమ్మాయి తలెత్తి "ఏం కావాలండీ" అంది, మిగతా అందరినీ అడిగినట్టే.

మొత్తం ఖర్చు: సమాచార హక్కు 38, జిరాక్సులు 360, పోస్టు 310, కారు రెండుసార్లు 6,800, టేపు 180. కలిపి 7,688 రూపాయలు.

టాయిలెట్ ఇంకా కాలేదు. గది చూపించారు, గుమ్మం దగ్గర నాలుగంగుళాల గడప ఉంది, తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కుర్చీ లోపలికి వెళ్తే తలుపు మూసుకోదు. గడప తీసేయాలి, తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పి బిగించాలి. ఒక్క రోజు పని. అద్దె ఒప్పందాల గురించి 'పై అధికారులకు నివేదించడమైనది' అని జవాబొచ్చింది. దాని నకలు కోసం అక్టోబర్ 16న మళ్లీ 10 రూపాయల దరఖాస్తు వేశాను.